మొహమాటస్థుడి ట్రెయిలర్ బేరం

వెర్లిన్ టోలెఫ్స్రూడ్‌కి లుటెఫిస్క్ అంటే పరమ అసహ్యం. ఎండు చేపను క్షారంలో నానబెట్టి, ఉడకబెట్టి, పైన కరిగించిన వెన్న పోసి పెడతారు. అయితే పెళ్ళికాని రోజుల్లో ఒకసారి, చర్చి విందులో, అది వండిన పెద్దావిడ ఎదురుగా వచ్చి నిలబడి "ఎలా ఉందయ్యా?" అని అడిగింది. ఆవిడ మనసు కష్టపెట్టడం ఇష్టంలేక "ఫరవాలేదండీ" అన్నాడు. అమెరికా ఉత్తరాన మిన్నెసోటాలో, నార్వే వాళ్ళ మునిమనవలతో నిండిన ఆ పల్లెల్లో, 'ఫరవాలేదు'ను మించిన పొగడ్త లేదు. పెద్దావిడ పొంగిపోయింది. మాట వంటింట్లో అందరికీ చేరింది. అప్పటి నుంచి ఏటా ఆ విందులో వెర్లిన్ కంచంలో అడక్కుండానే రెండింతలు పడుతోంది. పెద్దావిడ పోయింది, ఆవిడ కోడలూ పోయింది, వడ్డన మాత్రం ఆగలేదు. డెబ్బైకి దగ్గరపడ్డ వెర్లిన్ ఇప్పటికీ అది తింటున్నాడు. తిని, లేచేముందు థాంక్స్ కూడా చెబుతున్నాడు.

ఇదొక్కటే అయితే నవ్వి ఊరుకోవచ్చు. చర్చి ముందు గడ్డి కోసే పని కూడా అతనిదే. ఎవరో ఊరికి వెళుతూ "ఈ ఒక్క వేసవి కాస్త చూసిపెట్టు" అంటే సరేనన్నాడు. ఆ ఎవరో తిరిగొచ్చి పదేళ్ళయింది. గడ్డి కోసేది మాత్రం వెర్లినే. ఊళ్ళో క్షవరం చేసేవాడు ప్రతిసారీ ఎడమ చెవి పైన ఎక్కువ కత్తిరిస్తాడు. వెర్లిన్ ఇంటికొచ్చి అద్దంలో చూసుకుని నిట్టూరుస్తాడే గానీ, ఆ కుర్చీలో ఉండగా నోరెత్తడు. ఇంట్లో రెండు వాక్యూమ్ క్లీనర్లు ఉన్నాయి. రెండోది ఎందుకంటే, గుమ్మంలోకి వచ్చిన అమ్మకందారు మంచిగా మాట్లాడుతుంటే, మాకు ఇదివరకే ఒకటుంది అని చెప్పడానికి అతనికి నోరు రాలేదు.

ఇలాంటి మనిషిని చూసి జాలిపడాలో, నెత్తిన ఒక్కటి మొట్టాలో, పెళ్ళయి నలభై ఏళ్ళు దాటినా అతని భార్య ఆర్డిస్‌కి తేలలేదు.

నిజం చెప్పాలంటే తప్పంతా అతనిదే కాదు. ఆ మొహమాటం ఆ నేల మర్యాద. ఎవరింటికైనా వెళితే కాఫీ ఇస్తామంటారు. వద్దనాలి. మళ్ళీ అడుగుతారు. మీకెందుకండీ శ్రమ అనాలి. మూడోసారి అడిగితే అప్పుడు "అయితే ఒక్క అరకప్పు" అని నిండు కప్పు తాగాలి. మొదటిసారికే చెయ్యి చాచినవాడు ఆశపోతు. రెండుసార్లు అడిగి ఊరుకున్నవాడు పిసినారి. ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు, పాలపళ్ళతోపాటే వస్తుంది. అలాగే ఏదైనా దరిద్రంగా ఉంటే దరిద్రంగా ఉందనరు, "అదోరకంగా ఉంది" అంటారు. కుదరదు అనాల్సి వస్తే "ఆలోచించొచ్చు" అంటారు. తెలిసినవాళ్ళ మధ్య ఇదంతా ఏ చిక్కూ లేకుండా సాగిపోతుంది. వెర్లిన్ బతుకంతా తెలిసినవాళ్ళ మధ్యే గడిచింది. ఆవులు, పాల లారీ నడిపేవాడు, ధాన్యం గిడ్డంగి దగ్గర మాటలు, ఆదివారం చర్చి. ఆవులకైతే ఆ మర్యాద కూడా అక్కర్లేదు.

పోయిన జనవరిలో ఆర్డిస్ ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. ఆసుపత్రిలో చాలా రోజులు ముక్కుకి గొట్టం పెట్టుకుని పడుకుంది. ఇంటికి పంపించేటప్పుడు డాక్టరు కిటికీలోంచి మంచుకేసి చూస్తూ, "ఇంకో చలికాలం ఇక్కడ గడపడం అంత మంచి ఆలోచన కాకపోవచ్చు" అన్నాడు. బయటి మనిషైతే ఆ మాటకి తలూపి ఇంటికెళ్ళి మర్చిపోయేవాడు. కానీ ఆ డాక్టరు ఆ పక్క ఊరివాడే. అతని నోట ఆ మాట వచ్చిందంటే ఏమిటో మొగుడూపెళ్ళాలిద్దరికీ అర్థమైంది.

వసంతంలో ఆవుల్ని అమ్మేశారు. ఆర్డిస్ అక్క ఎండలు కాసే అరిజోనాలో ఉంటుంది. అక్కడ ట్రెయిలర్లు, అంటే చక్రాల మీది ఇళ్ళు, నిలుపుకునే ఆవరణలో, తన పక్కనే, చెల్లెలికి ఒక స్థలం మాట్లాడి పెట్టింది. కావలసిందల్లా పికప్ ట్రక్కు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే ఒక ఇల్లు. ట్రెయిలర్‌కి ముప్పైరెండు వేల డాలర్లు పోతే, మిగిలినది ఆ స్థలం అద్దెకీ, దారి ఖర్చులకీ, ఆర్డిస్ మందులకీ సరిగ్గా సరిపోతుంది. దానికి మించి పోతే కోతపడేది మందులకే. లెక్క అంత చిన్నది, అంత ఇరుకైనది.

మినియాపొలిస్‌లో ఉండే కూతురు కారిన్ ఫోనులో ఈ లెక్కంతా విని, నాలుగు చోట్ల వాకబు చేసి చెప్పింది.

"నాన్నా, వాళ్ళు అంటించిన ధరకి ఎవ్వరూ కొనరు. తగ్గించడానికే పెంచి అంటిస్తారు. ముప్పైరెండంటే వాళ్ళకీ గిట్టుతుంది, మనకీ అన్యాయం కాదు. నువ్వు నోరు తెరిచి అడగాలి."

"అడుగుతాలేమ్మా."

"అడుగుతాలే అన్నావంటే అడగవని నాకు తెలుసు. ఫోను అమ్మకివ్వు."

అక్టోబరు నడుమ, మంచు పలుకులతో కలిసి వాన పడుతున్న ఒక పొద్దున, ఇద్దరూ హైవే పక్కన ట్రెయిలర్లు అమ్మే చోటికి వెళ్ళారు. ఆ శనివారంతో ఆ దుకాణం చలికాలానికి మూసేస్తారు. వాళ్ళ పికప్ లాగగలిగేంత తేలికైన ట్రెయిలర్ ఆ చుట్టుపక్కల అదొక్కటే మిగిలింది.

అమ్మేవాడి పేరు విన్స్ కపూటో. న్యూజెర్సీ మనిషి. భార్యకి ఇక్కడ ఉద్యోగం రావడంతో ఆర్నెల్ల కిందట వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, గలగలా మాట్లాడతాడు, చేతులు ఊరికే ఉంచుకోలేడు. వచ్చీరాగానే "వెర్లిన్! ఆర్డిస్!" అని చిన్ననాటి నేస్తంలా పేరు పెట్టి పిలిచేశాడు. మోసగాడేం కాదు. ఎదుటివాడు ఏమంటే అదే అనుకునే రకం. చిక్కంతా అక్కడే వచ్చింది. బండిని వెనక్కి తెచ్చి కొక్కెం ట్రెయిలర్‌కి సరిపోతుందో లేదో చూడాలని పికప్ తాళాలు అడిగి తీసుకున్నాడు. చూడటం అయ్యాక ఆ తాళాలు అతని చొక్కా జేబులోనే ఉండిపోయాయి. తిరిగి ఇమ్మని అడగడానికి వెర్లిన్‌కి సందు దొరకలేదు. అడిగితే 'ఏం, నా మీద నమ్మకం లేదా' అనుకుంటాడేమో కదా.

విన్స్ ట్రెయిలర్ తలుపు తీశాడు. ఆర్డిస్ మెట్టు పట్టుకుని లోపలికి ఎక్కింది. చిన్న పొయ్యి, దాని పైన చిన్న కిటికీ. ఆ కిటికీలోంచి పొద్దున్నే ఎండ పడుతుందని ఆవిడకి ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. మంచం పక్కన దీపం. మంచు లేని చోట, ఈ మంచం మీద దగ్గు లేకుండా పడుకున్నట్టు ఒక్క క్షణం ఊహించుకుంది. కళ్ళు చెమర్చాయి.

"ఫరవాలేదు" అంది. ఆగి, మళ్ళీ "ఫరవాలేదు" అంది.

వెర్లిన్ ఉలిక్కిపడి చూశాడు. కారిన్ పుట్టినప్పుడు కూడా ఆవిడ ఆ మాట ఒక్కసారే అంది.

విన్స్ ముఖం వాడిపోయింది. "నచ్చలేదా? అయ్యో, చెప్పరేం! రండి రండి, మీకోసం ఇంకోటుంది" అని ఇద్దర్నీ వానలోనే దించి, కనుచూపు మేర పొడుగున్న ఇంకో ట్రెయిలర్‌లోకి తీసుకెళ్ళాడు. దాంట్లో ఉత్తుత్తి మంటలు చూపించే కరెంటు పొయ్యి, గోడ నిండా టీవీ, కప్పుకి ఊదారంగు దీపాలు. పదివేలు ఎక్కువ. దాన్ని లాగాలంటే వాళ్ళ పికప్‌ని ఇంకో పికప్ లాగాలి.

"ఎలా ఉంది వెర్లిన్?"

"అదోరకంగా ఉందండీ" అన్నాడు వెర్లిన్, నోటికి వచ్చిన పెద్ద తిట్టు అదే కనుక.

"కదా!" అని విన్స్ చేతులు రుద్దుకున్నాడు. "ఇలాంటిది ఎక్కడా ఉండదు!"

మళ్ళీ మొదటిదాంట్లోకి రావడానికి ఆర్డిస్ కాళ్ళు లాగుతున్నాయని వంక పెట్టాల్సి వచ్చింది. "అక్కడ బల్ల దగ్గర కూర్చుంటా" అంది. ముగ్గురూ కూర్చున్నారు. రైలు పెట్టెలో ఎదురెదురు సీట్ల మధ్య బల్ల వేసినట్టు ఉంటుందా చోటు. ఒక పక్క గోడ, కిటికీ. ఆర్డిస్ అటువైపు. వెర్లిన్ ఇటువైపు కిటికీ దాకా జరిగాడు. అతని పక్కన, దారికి అడ్డంగా, విన్స్ చేరాడు. తలుపు మూసేశాడు. పైన రేకు మీద వాన. కొత్త చెక్క జిగురు వాసన గుప్పుమంది. ఆర్డిస్ రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది.

"కాఫీ తెప్పించనా?" అన్నాడు విన్స్.

"అయ్యో, వద్దండీ" అన్నాడు వెర్లిన్.

"సరే" అన్నాడు విన్స్, కాగితాలు తీస్తూ.

వెర్లిన్ ఎదురుచూశాడు. ఆర్డిస్ కూడా ఎదురుచూసింది. ఆ 'సరే' తరవాత ఇంకేం రాలేదు. మొగుడూపెళ్ళాలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇద్దరికీ గొంతులు ఎండిపోతున్నాయి, వాళ్ళు బయల్దేరింది చీకటితో. కాఫీ కథ అక్కడితో ముగిసిపోయిందని నమ్మడానికి వెర్లిన్‌కి చాలాసేపు పట్టింది. ఈలోగా విన్స్ ధర చీటీ బల్ల మీద పెట్టాడు. ముప్పైయెనిమిది వేల తొమ్మిది వందలు.

"ఏమంటారు?"

వెర్లిన్‌కి కారిన్ మాటలు గుర్తొచ్చాయి. గట్టిగా ఊపిరి పీల్చుకుని, తనకు చేతనైనంత కటువుగా, "ఇది కూడా అదోరకంగానే ఉందండీ" అన్నాడు.

"థాంక్యూ!" అన్నాడు విన్స్.

బేరం ఆడటం ఎలాగో వెర్లిన్‌కి తెలియక కాదు. ఆవుల్ని కొన్నాడు, అమ్మాడు. కాకపోతే అక్కడ ఇద్దరూ కంచె మీద మోచేతులు ఆనించి, వాన గురించి మాట్లాడి, గింజ ధర గురించి మాట్లాడి, ఎవరూ అడగకుండా, ఎవరూ కాదనకుండా, మెల్లగా ఒక అంకె దగ్గర కలుసుకునేవాళ్ళు. ఇక్కడ ఈ మనిషి ప్రశ్న వేసి కళ్ళలోకి చూస్తాడు. జవాబు చెప్పేదాకా కళ్ళు తిప్పడు. పక్కకి జరుగుదామంటే గోడ.

ఆర్డిస్ మళ్ళీ దగ్గింది. విన్స్ ఆవిడకేసి చూశాడు. అతని ముఖం మెత్తబడింది.

"ఇలా చేద్దాం. పెద్దవాళ్ళు, వానలో వచ్చారు. సీజను కూడా అయిపోతోంది. మూడువేలు తగ్గిస్తాను. సరేనా?"

వెర్లిన్ గుండె ఎగిరి పడింది. మూడువేలు! దాని తరవాత ఇంకో మాట, ఇంకో మాట, అలా దిగుతూ పోవచ్చు. ఆనందంతో ఒళ్ళంతా తేలికైంది. నోరు మాత్రం తనకు అలవాటైన పని తను చేసుకుపోయింది.

"అయ్యో, అంతెందుకండీ. మీకూ గిట్టాలిగా."

విన్స్ చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు. "వెర్లిన్, చాలా ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నా. అందరూ నన్ను పీక్కుతినేవాళ్ళే. అమ్మేవాడికి గిట్టాలి అన్న మనిషిని ఇవాళే చూస్తున్నా. ఒట్టు" అని, అప్పటికే రాసిన తగ్గింపు అంకె కొట్టేసి, మళ్ళీ ముప్పైయెనిమిది తొమ్మిదొందలు రాశాడు.

బల్ల కింద ఆర్డిస్ బూటు వెర్లిన్ కాలికి బలంగా తగిలింది.

అక్కడి నుంచి వెర్లిన్ కుక్కిన పేనులా అయిపోయాడు. విన్స్ ఒక్కొక్కటే చదువుతూ పోయాడు. ట్రెయిలర్‌ని సిద్ధం చేసి ఇచ్చినందుకు ఒక రుసుము. "ఆలోచించొచ్చు" అన్నాడు వెర్లిన్. విన్స్ టిక్కు పెట్టాడు. కప్పుకి వాన దిగకుండా పూత. "ఆలోచించొచ్చండీ." ఇంకో టిక్కు. అయిదేళ్ళ వారంటీ. "అది కూడా... ఆలోచించొచ్చు." వెర్లిన్ తన భాషలో మూడుసార్లు ఖరాఖండిగా కుదరదన్నాడు. విన్స్ తన భాషలో మూడుసార్లు అవునని విన్నాడు. అడుగున మొత్తం కూడి, చుట్టూ గీత గీసి, కాగితం ఇటు తిప్పాడు. నలభైరెండు వేలు దాటింది.

"ఇక్కడొక సంతకం" అని పెన్ను వెర్లిన్ చేతిలో పెట్టాడు.

వెర్లిన్ ఆ పెన్ను పట్టుకున్నాడు. ఇచ్చింది పట్టుకోవడమే అతనికి తెలుసు. అటు గోడ, ఇటు విన్స్ భుజం, తాళాలు విన్స్ జేబులో. కాస్త జరగండి అంటే చాలు, లేచి బయటికి పోవచ్చు. ఆ మాట కోసం లోపలంతా వెతికాడు, దొరకలేదు. నలభైరెండులోంచి ముప్పైరెండు తీసేశాడు. ఆ మిగిలినది ఏమిటో అతనికి బాగా తెలుసు. అది ఆర్డిస్ మందుల సీసాలు. ఇంకా చెప్పాలంటే జనవరి నెల. అదే ఆసుపత్రి మంచం, అదే గొట్టం, అదే కిటికీ. అంతా తెలుస్తూనే ఉంది, అయినా చెయ్యి కాగితం మీదికి మెల్లగా జరుగుతోంది. తన చెయ్యి తనను కాదని పోతుంటే చూస్తూ కూర్చున్నాడు. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషికి నిజంగా భయం వేసింది.

"వెర్లిన్" అంది ఆర్డిస్. "ఆ పెన్ను కింద పెట్టు."

పెట్టాడు.

ఆర్డిస్ విన్స్ వైపు తిరిగింది. "బాబూ, నీదేం తప్పు లేదు. కానీ నీకు ఎవరూ చెప్పినట్టు లేదు. ఇక్కడ వద్దు అంటే మళ్ళీ అడగమని. ఆలోచించొచ్చు అంటే చచ్చినా వద్దని. అదోరకంగా ఉందంటే ఛీ అని. ఫరవాలేదంటే..." ఆవిడ పొయ్యి పైని చిన్న కిటికీకేసి చూసింది. "ఫరవాలేదంటే ఇంతకంటే మంచిది నా జన్మలో చూడలేదని."

విన్స్ వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు. "అంటే... కాఫీ?"

"ఎప్పటి నుంచో కావాలి."

"దేవుడా! మరి చెప్పరేం? మా ఊళ్ళో ఇలా చేస్తే గొంతెండి పోతారు!" అని నెత్తి కొట్టుకున్నాడు. అంతలోనే ఇంకోటి తట్టింది. "ఆర్నెల్లుగా మా పక్కింటివాళ్ళు మా ఆవిడ వంట అదోరకంగా ఉందంటున్నారు. ఆవిడ మురిసిపోయి మళ్ళీ మళ్ళీ పంపిస్తోంది" అన్నాడు దిగులుగా. తరవాత వెర్లిన్ వైపు తిరిగాడు. "సరే. మళ్ళీ అడుగుతా. మూడువేలు తగ్గించనా?"

"అయ్యో, అంతెందుకండీ" అంది వెర్లిన్ నోరు.

ఆర్డిస్ కళ్ళు మూసుకుంది. వెర్లిన్ చెవుల దాకా ఎర్రబడిపోయాడు.

విన్స్ నవ్వాడు, కానీ ఈసారి ఆ నవ్వులో అమ్మేవాడు కూడా ఉన్నాడు. "రెండయ్యాయి. మూడోసారి నేను అడగను సార్. నేను కమీషను మీద బతికేవాణ్ణి, నాకూ పిల్లలున్నారు. మీరు వద్దంటుంటే మీ చేతిలో కుక్కడానికి నాకేం పట్టింది? మీకెంతకి కావాలో మీ నోటితో చెప్పండి. చెబితే వింటాను. చెప్పకపోతే ఈ కాగితం మీదున్నదే ధర."

వెర్లిన్ ఆ కాగితం మీది అంకెకేసి చూశాడు. ముప్పైరెండు. ఆ మాటలో కష్టమేముంది? చిన్నపిల్లలు కూడా అనగలరు. పెదవులు కదిపాడు.

"మీరే చూసి ఏదో ఒకటి చెప్పండి" అన్నాడు.

"నేను చూస్తే నలభైరెండే కనిపిస్తోంది."

అప్పుడు ఆర్డిస్ ఆ ఊళ్ళ మనుషులెవరూ చెయ్యని పని చేసింది. పరాయివాడి ముందు ఇంటి మాట ఎత్తింది.

"వెర్లిన్, నన్ను పెళ్ళి చేసుకుంటావా అని ఎన్నిసార్లు అడిగావో గుర్తుందా?"

"ఇప్పుడదెందుకు ఆర్డిస్..."

"రెండుసార్లు. మొదటిసారి ధాన్యం గిడ్డంగి దగ్గర. నీకెందుకులే శ్రమ అన్నాను. రెండోసారి మా ఇంటి మెట్ల మీద. మళ్ళీ అలాగే అనాలి, మా అమ్మ అలాగే పెంచింది. అందామనే నోరు తెరిచాను. నువ్వు అప్పటికే టోపీ తలమీద పెట్టుకుంటున్నావు. నాకు భయం వేసింది. సరే అనేశాను. మా అక్క ఇప్పటికీ వెక్కిరిస్తుంది, రెండోసారికే ఒప్పేసుకున్న ఆశపోతుని అని."

విన్స్ తల ఎత్తి పైకప్పు దీపాన్ని శ్రద్ధగా చూడసాగాడు. లేచి బయటికి వెళ్దామని అతనికీ ఉంది గానీ, మధ్యలో లేస్తే బాగుండదేమోనని ఊరుకున్నాడు. ఆర్నెల్లకి ఆ నేల గాలి అతనికీ కాస్త సోకినట్టుంది.

"మూడోసారి అడిగేవాడివా?" అంది ఆర్డిస్.

వెర్లిన్ పెన్నుని బల్ల మీద అటూ ఇటూ దొర్లించాడు.

దగ్గు వచ్చింది ఆవిడకి. ఈసారి చాలాసేపు పట్టింది. తగ్గాక రుమాలు మడిచింది. "అప్పుడంటే నేనున్నాను, నీ బదులు తొందరపడటానికి. ఇవాళ నీ బదులు ఎవరూ లేరు. నేనడిగి తెచ్చుకోగలను, అది కాదు. నా కోసం నువ్వు ఒక్కసారి నోరు విప్పి అడిగితే వినాలనుంది" అంది.

వాన రేకుని కొడుతూనే ఉంది. వెర్లిన్ రెండు చేతులూ బల్ల మీద పరిచాడు.

"ముప్పైరెండు" అన్నాడు. గొంతు బొంగురుగా వచ్చింది, వేరే ఎవరిదోలా. "అన్నీ కలిపి ముప్పైరెండు వేలు. ఆ పూత వద్దు, వారంటీ వద్దు. అంతకుమించి నా దగ్గర లేదు. ఈ చలికాలం ఇక్కడే ఉంటే ఆమె నాకు దక్కదు. నాకు ఈ ట్రెయిలర్ కావాలి. ఆమె కావాలి."

విన్స్ పైకప్పు మీంచి చూపు దించాడు. ఏమీ అనలేదు.

ఆ నిశ్శబ్దం వెర్లిన్‌ని చంపేసింది. అతని వైపువాళ్ళు నిశ్శబ్దాన్ని అలా వదిలెయ్యరు. 'కుదరకపోతే ఏం ఫర్లేదండీ' అన్న మాట నాలుక చివరికి వచ్చి కూర్చుంది. అది అనేస్తే చాలు, హాయిగా ఉంటుంది, అందరూ మంచివాళ్ళుగా మిగిలిపోతారు. చెమటలు పట్టాయి. పళ్ళు బిగించాడు. ఆర్డిస్ చెయ్యి బల్ల మీదుగా వచ్చి అతని మణికట్టు పట్టుకుంది.

"ముప్పైనాలుగు" అన్నాడు విన్స్.

"అయ్..." అని ఆగిపోయాడు వెర్లిన్. "కాదు."

ఆ మాట అతను ఎవరితోనైనా అనగా ఆర్డిస్ వినడం అదే మొదలు.

విన్స్ ఇంకాసేపు చూశాడు. తరవాత కాగితం తీసుకుని, "ఓనర్‌తో మాట్లాడి వస్తా" అని లేచి, తలమీద ఫైలు అడ్డం పెట్టుకుని వానలో పరిగెత్తాడు. బల్ల పక్కన దారి ఖాళీ అయింది. తలుపు కూడా ఓరగా తెరిచే ఉంది. వెర్లిన్ మాత్రం కదల్లేదు. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, తమది అవుతుందో లేదో తెలియని ఆ చిన్న ఇంట్లో కూర్చున్నారు. ఓనరు ఏమంటాడోనన్న భయం వెర్లిన్ ముఖంలో దాగటం లేదు. కాదంటే ఏం చెయ్యాలో అతనికి తెలియదు. కాదంటే ఇంకేమీ లేదు.

విన్స్ తడిసి ముద్దయి తిరిగొచ్చాడు.

"సోమవారానికి మంచు పడుతుందట. చలికాలమంతా దీని నెత్తిన మంచు తోడటం కంటే అమ్మెయ్యడం నయమన్నాడు మావాడు" అన్నాడు. "ముప్పైరెండు. నా కమీషను సంగతి అడక్కండి, ఏడుపొస్తుంది."

వెర్లిన్ తనంతట తనే పెన్ను కోసం చెయ్యి చాచాడు. ఈసారి అది మొహమాటం కాదు.

సంతకాలయ్యాయి. శుక్రవారం వచ్చి తగిలించుకుపొమ్మన్నారు. విన్స్ జేబులోంచి తాళాలు తీసి ఇస్తూ, "ఇవి నా దగ్గరున్నాయని ఎప్పుడు అడుగుదామనుకున్నారు?" అన్నాడు. వెర్లిన్ నేల చూపులు చూశాడు.

పికప్‌లో కూర్చుని ఇంజను ఆన్ చేశాడు. హీటరు వేడెక్కడానికి కాస్త సమయం పడుతుంది. ఆర్డిస్ శాలువా మెడ చుట్టూ బిగించుకుంది. అద్దం మీద మంచు పలుకులు పడి జారిపోతున్నాయి. వెర్లిన్ గేరు మీద చెయ్యి వేసి కూడా బండి కదల్చలేదు.

"అడిగేవాణ్ణి కాదు" అన్నాడు.

ఆర్డిస్ ఏది అని అడగలేదు.

"ఇంటికెళ్ళిపోయేవాణ్ణి. పాలు పితికే వేళకి పాకలో ఉండేవాణ్ణి. నీకు ఇష్టం లేదు కాబోలనుకునేవాణ్ణి. ఆ తరవాత ఇంకెవర్నీ కూడా అడిగేవాణ్ణి కాదు. నువ్వు అప్పుడు సరే అనకపోతే..." అని ఆగిపోయాడు. అప్పుడు ఏం మిగిలేదో, కారిన్ లేని, ఈవిడ లేని ఆ ఇల్లు ఎలా ఉండేదో అతని కళ్ళకు కట్టింది.

"నాకు తెలుసు" అంది ఆర్డిస్. "ఆ మెట్ల మీదే తెలుసు."

"తెలిస్తే మరి ఇవాళెందుకు అడిగావు, అంతమంది ముందు?"

అంతమంది అంటే ఒక్క విన్స్. ఆర్డిస్ అతని కోటు కాలరు సరిచేసింది.

"నీకు తెలుసో లేదోనని" అంది.